బాల్డర్స్ గేట్ 2 మళ్లీ ఆడాలంటే ఏ క్లాస్ తీసుకోవాలి?

క్లుప్తంగా: బాల్డర్స్ గేట్ 2 లాంటి పాత రోల్‌ప్లేయింగ్ కంప్యూటర్ గేమ్‌లో కథ మారదు, పోరాటాలూ పెద్దగా మారవు. మారేది ఆటగాడి చేతిలో ఉండే పని. అందుకని రెండోసారి క్లాస్ (ఫైటర్, దొంగ, మంత్రగాడు లాంటి పాత్ర రకం) ఎంచుకునేటప్పుడు ఏది బలమైనదో వెతకడం కంటే, పోయినసారి తోడు క్యారెక్టర్లకు వదిలేసిన పనుల్లో ఏది ఈసారి సొంతంగా చేయాలో చూసుకోవడం మేలు. ఆ తర్వాత చూడాల్సినవి ఎదిగే వేగం, క్లాస్‌ను బట్టి దొరికే స్ట్రాంగ్‌హోల్డ్ అనే సొంత స్థావరం, ఆడేది ఫోన్‌లోనా లాప్‌టాప్‌లోనా అన్నది.

## ఈ ప్రశ్న ఇప్పుడెందుకు వస్తోంది

2023 ఆగస్టులో బాల్డర్స్ గేట్ 3 వచ్చాక దాని వెనకున్న పాత గేమ్‌ల మీదికి మళ్లీ చూపు మళ్లింది. మూడో భాగానికి డిస్క్‌లోనే 150 జీబీ ఖాళీ కావాలి, పైగా మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే పిల్లల దగ్గరుండే మామూలు లాప్‌టాప్‌తో అది అయ్యే పని కాదు. 2000లో వచ్చిన రెండో భాగం, దాన్నే సరిదిద్ది 2013లో మళ్లీ విడుదల చేసిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ అయితే విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్‌లో కూడా హాయిగా నడుస్తాయి, ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ ఆండ్రాయిడ్ ఫోన్‌కి కూడా దొరుకుతుంది.

దాంతో రెండు రకాల వాళ్లు ఒకే మెనూ ముందు ఆగిపోతున్నారు. డిగ్రీ రోజుల్లో ఎప్పుడో ఒకసారి పూర్తి చేసి, ఇప్పుడు ఉద్యోగంలో ఉండి మళ్లీ మొదలుపెడదాం అనుకునేవాళ్లు ఒకరు. ఈ మధ్యే ఒకసారి ఆడేసి, ఇంకోసారి వేరేగా ఆడాలనుకునే కుర్రాళ్లు ఇంకొకరు. హాస్టల్లో సీనియర్‌ను పట్టుకుని "ఈసారి ఏ క్లాస్ తీసుకుంటే బాగుంటుందన్నా?" అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే రకంగా ఉంటుంది: ఇది పవర్‌ఫుల్, అది వేస్ట్. ఆ జవాబు తప్పు కాదు గానీ అది మొదటిసారి ఆడేవాళ్లకు పనికొచ్చే జవాబు. ఒకసారి గేమ్ పూర్తి చేసినవాళ్లకు బలం ఒక సమస్యే కాదు, ఎందుకంటే ఏ తలుపు వెనక ఏముందో వాళ్లకు ముందే తెలుసు, ఆ తెలివిడి ఏ కత్తి కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

## మెనూలోనే ఉన్న చిక్కు

ఈ గేమ్ నియమాలన్నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్లమీది ఆట నుంచి వచ్చాయి. 1974లో అది మొదలైనప్పుడు అందులో మూడే క్లాసులు: కత్తి పట్టేవాడు, మంత్రం వేసేవాడు, క్లెరిక్ అనే పూజారి. దొంగ క్లాస్ 1975లో చేరింది. 1998లో వచ్చిన మొదటి బాల్డర్స్ గేట్, 1989 నాటి రెండో ఎడిషన్ నియమాలతో ఎనిమిది క్లాసులు ఇచ్చింది: ఫైటర్, రేంజర్, పాలడిన్ (ధర్మయోధుడు), క్లెరిక్, డ్రూయిడ్, మేజ్ (మంత్రగాడు), థీఫ్ (దొంగ), బార్డ్ (గాయకుడు). సరిగ్గా గేమ్ రెండో భాగం విడుదలయ్యే రోజుల్లోనే బల్లమీది ఆటకు మూడో ఎడిషన్ వచ్చింది. దాని నుంచి సోర్సరర్, మాంక్, బార్బేరియన్ క్లాసులను తెచ్చి పాత నియమాల్లోనే ఇమిడ్చారు. అక్కడితో ఆగకుండా ప్రతి పాత క్లాస్ కింద కిట్‌లు అనే ఉపరకాలు పెట్టారు. ఫైటర్ కింద బెర్సర్కర్, విజర్డ్ స్లేయర్, కెన్సాయ్. పాలడిన్ కింద కావలియర్, ఇంక్విజిటర్, అన్‌డెడ్ హంటర్, ఇలా.

అంటే మెనూలో కనబడేది ఒకే పద్ధతిలో ఆలోచించి పెట్టిన జాబితా కాదు, పాతిక ఏళ్ల నియమాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్న కుప్ప. కొత్తగా చూసేవాళ్లకు విచిత్రంగా అనిపించేవన్నీ అందులోంచి వచ్చినవే. థాకో అనే దాడి అంకె ఎంత తగ్గితే అంత మంచిది, ఆర్మర్ క్లాస్ అనే రక్షణ అంకె కూడా అంతే. పాలడిన్ కావాలంటే మనిషే అయ్యుండాలి. ఒక క్లాస్ నుంచి మధ్యలో ఇంకో క్లాస్‌కి మారడం మనుషులకే కుదురుతుంది, మొదటి నుంచీ రెండు క్లాసులు కలిపి నడపడం మాత్రం మనుషులకు కుదరదు, ఎల్ఫ్‌లు, డ్వార్ఫ్‌లు, నోమ్‌ల లాంటి మిగతా జాతులకే.

మూడో భాగానికి అలవాటుపడ్డవాళ్లు ఇక్కడే తడబడతారు. అందులో ఏ జాతి అయినా ఏ క్లాస్ అయినా తీసుకోవచ్చు, నచ్చకపోతే క్యాంప్‌లో విదర్స్ అనే క్యారెక్టర్‌కి 100 గోల్డ్ ఇచ్చి మార్చేసుకోవచ్చు. రెండో భాగంలో అలాంటి వెసులుబాటు లేదు. ఇరవై గంటలు ఆడాక నచ్చలేదంటే మళ్లీ మొదటికి రావాల్సిందే. ఆ స్క్రీన్ దగ్గర అంత టెన్షన్ పడటంలో అర్థం ఉంది.

## ముందు తోడు వచ్చేవాళ్లను లెక్కేయాలి

పార్టీలో ఆరుగురు. ఒక్కరు మాత్రమే ఆటగాడు తయారుచేసుకున్న క్యారెక్టర్, మిగతా ఐదుగురూ గేమ్ ఇచ్చేవాళ్లు, వాళ్ల క్లాసులు ముందే ఖాయం. కాబట్టి క్లాస్ ఎంపిక అనేది ఒంటరి నిర్ణయం కాదు, ఆరు కుర్చీల్లో ఏ కుర్చీ ఖాళీగా ఉంది అన్న లెక్క. బలం జాబితాలు చెప్పని విషయం ఇదే.

ఇంక్విజిటర్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు, ఎందుకంటే దాదాపు ప్రతి "బెస్ట్ క్లాస్" జాబితాలో అది పైనే ఉంటుంది. రెండో భాగంలో కష్టమైన పోరాటాలు చాలావరకు శత్రు మేజ్‌లతోనే. ఎదుటి మేజ్ మనల్ని చూడగానే ఒంటి మీద స్టోన్‌స్కిన్ వేసుకుంటాడు, మిర్రర్ ఇమేజ్‌తో తనలాంటి బొమ్మలు నాలుగైదు చుట్టూ నిలబెడతాడు, దాని మీద మన మంత్రాలను అడ్డుకునే ఇంకో పొర వేస్తాడు. ఫైటర్ పరుగున పోయి కొట్టినా దెబ్బ తగిలేది బొమ్మకో రాతి చర్మానికో. ఆ పొరలను మేజ్‌తో ఊడదీయాలంటే ఏ పొరకు ఏ స్పెల్ పనిచేస్తుందో తెలియాలి, బ్రీచ్ అనే పొర తీసే మంత్రం ఎప్పుడు వేయాలి, దానికి ముందు ఏది తీయాలి అన్న వరస తెలియాలి. ఇంక్విజిటర్‌కు ఆ గొడవ లేదు. అతని డిస్పెల్ మ్యాజిక్ తన లెవెల్‌కి రెట్టింపు లెవెల్ ఉన్నట్టు పనిచేస్తుంది, ట్రూ సైట్‌తో బొమ్మలు మాయమవుతాయి. ఇందుకు బదులుగా పాలడిన్‌కు మామూలుగా ఉండే చేతి స్పర్శతో నయంచేసే శక్తి, క్లెరిక్ మంత్రాలు, అన్‌డెడ్‌ను (చచ్చినా తిరిగేవాళ్లను) తరిమే శక్తి పోతాయి. ఎవరు చూసినా లాభమే అనే బేరం.

కానీ అత్‌కాట్లా నగరంలో గుళ్ల పేట కింద మురుగు కాలువల్లోకి దిగితే కెల్డార్న్ కలుస్తాడు. అతను ఇంక్విజిటరే. అడిగితే పార్టీలోకి వచ్చేస్తాడు. మొదటిసారి ఆడినప్పుడు చాలామంది మేజ్‌ల సంగతి అతనికే అప్పగించి ఉంటారు. అలాంటివాళ్లు రెండోసారి తామే ఇంక్విజిటర్ అయితే చూసే పోరాటాలు పోయినసారివే, నొక్కే బటన్ కూడా అదే, దాన్ని నొక్కే బొమ్మ మాత్రం వేరు. పైగా ఫిర్‌క్రాగ్ అనే ఎర్ర డ్రాగన్‌ను చంపితే దొరికే కార్సోమిర్ కత్తి పాలడిన్‌ల కోసమే ఉన్నది. పార్టీలో ఇద్దరు పాలడిన్‌లుంటే కత్తి మాత్రం ఒక్కటే. కెల్డార్న్‌ను ఈసారి వదిలేస్తాం అని గట్టిగా అనుకున్నప్పుడే ఇంక్విజిటర్ కొత్త ఆట అవుతుంది.

ఇదే లెక్క తిరగేసి చూస్తే ఖాళీలు బయటపడతాయి. 2000 నాటి రెండో భాగంలో తోడు వచ్చేవాళ్లలో సోర్సరర్ లేడు, మాంక్ లేడు, బార్బేరియన్ లేడు. ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ రసాద్ అనే మాంక్‌ను, నీరా అనే వైల్డ్ మేజ్‌ను, డార్న్ అనే బ్లాక్‌గార్డ్‌ను (చెడ్డ పాలడిన్), హెక్సాట్ అనే దొంగను చేర్చింది. సోర్సరర్, బార్బేరియన్ ఖాళీలు అలాగే ఉండిపోయాయి. ఆ రెండు క్లాసులు ఎలా ఉంటాయో చూడాలంటే ఆటగాడే తీసుకోవాలి.

దొంగ సంగతి ఇంకా గమ్మత్తు. పేరుకు చాలామంది ఉన్నట్టే కనబడతారు. ఇమోయెన్ ఆరంభంలోనే దూరమవుతుంది. యోషిమో అచ్చమైన దొంగ, కానీ చివరిదాకా అతని మీద ఆధారపడలేం, ఎందుకో పూర్తి చేసినవాళ్లకు తెలుసు, చేయనివాళ్లకు చెప్పడం అన్యాయం. నాలియాకు కొంత దొంగతనం వచ్చు గానీ ఆమె మేజ్‌గా మారిపోయింది, ఆ విద్య ఇక పెరగదు. ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లోని హెక్సాట్‌ను పక్కనపెడితే మిగిలేది జాన్ జాన్సెన్ అనే నోమ్, ఇల్యూజనిస్ట్ (మాయలు చేసే మేజ్) కమ్ దొంగ, టర్నిప్ దుంపల కథలు చెప్పి చెప్పి ప్రాణం తీస్తాడు. ఆ కథలు నచ్చితే సరే. నచ్చకపోతే తాళాలు, ట్రాప్‌ల బాధ్యత ఆటగాడిదే.

ఆ బాధ్యత తీసుకుంటే ఆట నిజంగానే మారిపోతుంది. యోషిమోను ముందు నిలబెట్టి ట్రాప్ వెతికే బటన్ నొక్కి వదిలేసినవాళ్లు దొంగ క్లాస్ ఆడినట్టు కాదు. సొంత క్యారెక్టరే దొంగ అయితే ప్రతి గదిలోకీ మిగతా ఐదుగురి కంటే ముందు, ఎవరికీ కనబడకుండా ఒంటరిగా వెళ్లాలి. ఎవరెక్కడున్నారో చూసి, వాళ్లలో ఎవరు పడిపోతే పోరాటం సగం అయిపోతుందో ఎంచి, వెనక నుంచి ఒకే ఒక్క పోటు పొడవాలి. ఆ పోటు దెబ్బ మొదట్లో రెండింతలు, 13వ లెవెల్ నుంచి ఐదింతలు. తగిలితే మేజ్ మంత్రం నోట్లోనే ఆగిపోతుంది. గురి తప్పితే పక్కనే ముగ్గురు కత్తులు దూసి ఉంటారు, మన పార్టీ ఇంకా తలుపు అవతలే ఉంటుంది.

ఇంకో చిన్న లెక్క కూడా ఉంది. పేరు ప్రతిష్ఠ బాగా పెరిగితే చెడ్డ తోడులు వెళ్లిపోతారు, బాగా పడిపోతే మంచివాళ్లు వెళ్లిపోతారు. బ్లాక్‌గార్డ్ కాని పాలడిన్ తీసుకుంటే చెడ్డపనులు చేయడానికి వీల్లేదు, హోదానే పోతుంది. అందుకని కోర్గన్, ఎడ్విన్, వికోనియా లాంటి చెడ్డ తోడులతో తిరగాలని ఉన్నవాళ్లకు అలాంటి పాలడిన్ పొసగదు.

## ఒకే మెట్ల మీద, ఒకే మేజ్ ముందు

కొంతమంది రెండో భాగంతో సరిపెట్టకుండా మొదటి భాగం నుంచి అదే క్యారెక్టర్‌ను తీసుకురావాలనుకుంటారు. మంచి ఆలోచనే, కానీ మొదటి భాగం తొలి గంటల్లో క్లాసుల మధ్య తేడా ప్రాణాంతకంగా ఉంటుంది. అది అందరికంటే బాగా తెలిసే చోటు ఫ్రెండ్లీ ఆర్మ్ ఇన్.

కథ మొదలయ్యే క్యాండిల్‌కీప్ నుంచి బయటపడ్డాక మొదట వెళ్లమని చెప్పే చోటు అదే, లోపల తోడు రాబోయే జహీరా, ఖాలిద్ ఎదురుచూస్తుంటారు. కానీ మెట్ల మీద టార్నెష్ అనే మేజ్ నిలబడి పేరు అడుగుతాడు. మాట పూర్తయ్యేలోపే మిర్రర్ ఇమేజ్ వేసుకుంటాడు, తర్వాత హారర్, తర్వాత మ్యాజిక్ మిసైల్. ఆటగాడు మొదటి లెవెల్ మేజ్ అయితే ప్రాణానికి వేసే పాచిక నాలుగు ముఖాలది. అన్నీ కలిసొచ్చి, ఒంటి గట్టితనానికి రావాల్సినదంతా కలిపినా ఆరు హిట్ పాయింట్లు దాటవు. ఒక్కో మిసైల్ రెండు నుంచి ఐదు దాకా తీసేస్తుంది. చేతిలో ఉన్న మంత్రమా, ఒక్కటి. ఫైటర్ పాచిక పది ముఖాలది, మిసైల్స్ తిని కూడా నిలబడతాడు, కానీ హారర్ తగిలితే భయంతో పిచ్చిగా పరుగెత్తడం తప్ప ఏమీ చేయలేడు. ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లో మొదటి భాగానికి కూడా కిట్‌లు వచ్చాయి కాబట్టి బెర్సర్కర్ తీసుకుంటే అక్కడ ఆవేశం తెచ్చుకుంటే చాలు, ఆ కాసేపూ అతనికి భయం అంటదు, నేరుగా పోయి కొడతాడు, దెబ్బ తగిలితే టార్నెష్ చదివే మంత్రం చెడిపోతుంది. దొంగ పరిస్థితి మధ్యస్థం, మొదటి లెవెల్‌లో దాక్కోవడం చాలాసార్లు కుదరదు.

మొదటి భాగంలో మేజ్ తీసుకుని ఆ మెట్ల దగ్గరే ఆట ఆపేసినవాళ్లు మేజ్ క్లాస్ బాగోలేదని చెబుతుంటారు. వాళ్లు చూసింది నిజమే, కాకపోతే అది మేజ్ జీవితంలో అతి కష్టమైన మొదటి పది నిమిషాలు. ఐదో లెవెల్‌లో ఫైర్‌బాల్ చేతికొచ్చాక ఆ క్యారెక్టర్ ఇంకొకడు. మాంక్‌ది కూడా ఇదే కథ, మొదట్లో ఒట్టి చేతులతో చాలా బలహీనం, లెవెల్స్ పెరిగేకొద్దీ భయంకరంగా తయారవుతాడు. ఈ రెండు క్లాసులు కావాలనుకుని, తొలి కష్టం పడే ఓపిక లేనివాళ్లు నేరుగా రెండో భాగంలో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. అక్కడ కొత్త క్యారెక్టర్‌కు ముందే 89,000 ఎక్స్‌పీ (లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు) ఇచ్చి మొదలుపెడతారు.

## ఎదిగే లెక్కలో దాగున్న సంగతి

మేజ్ నెమ్మదిగా ఎదుగుతాడని అందరూ అంటారు. అంకెలు చూస్తే అది సగమే నిజం. రెండో లెవెల్‌కి దొంగకు 1,250 ఎక్స్‌పీ చాలు, క్లెరిక్‌కు 1,500, ఫైటర్‌కు 2,000, మేజ్‌కు 2,500. ఆరో లెవెల్ దాకా ఫైటరే ముందు, 32,000కి ఫైటర్ చేరితే మేజ్ 40,000కి చేరతాడు. ఏడో లెవెల్ దగ్గర సీన్ తిరగబడుతుంది: మేజ్‌కు 60,000, ఫైటర్‌కు 64,000. పదో లెవెల్‌కి మేజ్‌కు 2,50,000 సరిపోతే ఫైటర్‌కు 5,00,000 కావాలి. దొంగ అయితే 1,60,000కే అక్కడ ఉంటాడు. అంటే రెండో భాగంలో దాదాపు 10,00,000 ఎక్స్‌పీ దాకా మేజే ముందుంటాడు, ఆ తర్వాత ఫైటర్ అందుకుని 17,50,000 దగ్గర దాటేస్తాడు.

ఈ పట్టికలు బాగా అవసరమయ్యేది రెండు క్లాసులు కావాలనుకున్నప్పుడు. కత్తీ మంత్రమూ రెండూ ఉన్న క్యారెక్టర్ మళ్లీ ఆడేవాళ్లకు చాలా ఇష్టమైన ఎంపిక, దానికి దారులు రెండు. మల్టీక్లాస్ అయితే మొదటి రోజు నుంచీ ఫైటర్, మేజ్ రెండూ ఉంటాయి, వచ్చే ఎక్స్‌పీ సగం సగం పంచుకుంటాయి. డ్యూయల్ క్లాస్ అయితే మొదట ఫైటర్‌గా ఎదిగి, ఒక చోట దాన్ని ఆపేసి ఒకటో లెవెల్ మేజ్‌గా మళ్లీ మొదలవ్వాలి. కొత్త క్లాస్ లెవెల్ పాతదాన్ని దాటేవరకు కత్తి విద్య అంతా మూలన పడి ఉంటుంది. ఫైటర్ నుంచి మేజ్‌కి మారాలంటే బలం కనీసం 15, తెలివి కనీసం 17 ఉండాలి, ఇది క్యారెక్టర్ తయారుచేసేటప్పుడే చూసుకోవాల్సిన విషయం.

తిరుపతివాళ్లకు కొండకు నడిచే రెండు దారులు తెలుసు కాబట్టి ఈ తేడా వెంటనే పట్టుబడుతుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, మధ్యలో చదునుగా నడిచే చోట్లూ ఉంటాయి. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు, కానీ నిటారుగా ఉండి మోకాళ్ల సత్తా చూస్తుంది. మల్టీక్లాస్ అలిపిరి దారి, డ్యూయల్ శ్రీవారి మెట్టు.

చేరే చోటు కూడా ఒకటే కావడం ఆశ్చర్యం. తొమ్మిదో లెవెల్ ఫైటర్‌గా 2,50,000 సంపాదించి, అక్కడ మారి, మేజ్‌గా ఇంకో 2,50,000 తెచ్చుకుంటే పదో లెవెల్ మేజ్ అయి పాత కత్తి విద్య తిరిగొస్తుంది. మొత్తం 5,00,000. అదే 5,00,000 దగ్గర మల్టీక్లాస్ క్యారెక్టర్‌కు చెరిసగం 2,50,000 చొప్పున పడుతుంది, అంటే అతనూ సరిగ్గా ఫైటర్ 9, మేజ్ 10. అంతవరకు డ్యూయల్ వాడు పడ్డ కష్టానికి అంకెల్లో అదనంగా దొరికిందేమీ లేదు. లాభమంతా ఆ తర్వాతే. అక్కడి నుంచి డ్యూయల్ క్యారెక్టర్ తెచ్చుకున్నదంతా మేజ్ ఖాతాలోకే పోతుంది. విస్తరణ భాగం లేని రెండో భాగానికి పరిమితి 29,50,000. అక్కడికి చేరేసరికి డ్యూయల్ వాడు ఫైటర్ 9, మేజ్ 17. మల్టీ వాడు ఫైటర్ 13, మేజ్ 13. ఒకరికి ఎనిమిదో స్థాయి మంత్రాలున్నాయి, ఇంకొకరు ఆరో స్థాయి దగ్గరే ఉన్నారు, కానీ కత్తి దగ్గర నాలుగు లెవెల్స్ ముందున్నారు.

ఏది తీసుకోవాలి అంటే, ఆట మొదటి సగం ఎలా గడవాలనుకుంటున్నారో దాన్ని బట్టి. మధ్యలో సొంత క్యారెక్టర్ చేతకానివాడిలా నిలబడి ఉంటే సహించలేనివాళ్లకు మల్టీక్లాసే సరి. కిట్ కావాలంటే మాత్రం డ్యూయలే దారి, ఎందుకంటే మామూలుగా మల్టీక్లాస్‌కి కిట్‌లు ఇవ్వరు. కెన్సాయ్ నుంచి మేజ్‌కి మారే పద్ధతికి ఇన్నేళ్లుగా అంత పేరు ఉండటానికి కారణం కూడా ఇక్కడే ఉంది: కెన్సాయ్ కవచం వేసుకోకూడదు, మంత్రం వేయాలంటే మేజ్ కూడా కవచం వేసుకోకూడదు, రెండు ఆంక్షలూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే నష్టంగా మిగులుతాయి.

ఎప్పుడు మారాలన్నది ఇంకో ప్రశ్న. మొదటి భాగంలో ఏడో లెవెల్ దగ్గర మారితే 64,000కి మేజ్ ఎనిమిదో లెవెల్‌కి కావాల్సిన 90,000 కలిపి 1,54,000, విస్తరణతో కలిపి ఆ భాగం పరిమితి 1,61,000 కాబట్టి అక్కడే పని పూర్తవుతుంది. పదమూడో లెవెల్ దాకా ఆగితే దాడి వేగం ఇంకో అరమెట్టు పెరుగుతుంది, నిజమే, కానీ కత్తి తిరిగి రావడానికి మొత్తం 27,50,000 కావాలి. 29,50,000 దగ్గర ఆగిపోయే ఆటలో అది దాదాపు ఆఖరి అంకం. త్రోన్ ఆఫ్ భాల్ అనే విస్తరణ భాగం కూడా ఆడేవాళ్లకు 80,00,000 దాకా జాగా ఉంది, వాళ్లకే ఆ లెక్క. మారిన వెంటనే తొందరగా ఎదగడానికి ఒక ఉపాయం కూడా ఉంది. రెండో భాగంలో స్క్రోల్ నుంచి స్పెల్ నేర్చుకున్నా ఎక్స్‌పీ వస్తుంది, అందుకని ముందు నుంచే స్క్రోల్స్ దాచిపెట్టుకుని మేజ్ అయ్యాక వరసగా నేర్చుకుంటే మూలన పడి ఉండే కాలం బాగా తగ్గుతుంది.

## మేజా, సోర్సరరా

మేజ్ దొరికిన ప్రతి స్క్రోల్ నుంచీ నేర్చుకోవచ్చు, కానీ నిద్రపోయే ముందే రేపు ఏ మంత్రం ఎన్నిసార్లు కావాలో ఎంచి పెట్టుకోవాలి. సోర్సరర్‌కు ఆ బాధ లేదు, తెలిసిన మంత్రాల్లో ఏదైనా అప్పటికప్పుడు వేయొచ్చు. కాకపోతే తెలిసేవి కొన్నే, అవి లెవెల్ పెరిగినప్పుడు ఎంచుకున్నవే, తర్వాత మార్చడం కుదరదు.

మొదటిసారి ఆడేవాళ్లకు సోర్సరర్ ప్రమాదం, పేరు బాగుందని పనికిరాని మంత్రం తీసుకుని ఆఖరుదాకా మోయాలి. రెండోసారి ఆడేవాళ్లకు ఇదే క్లాస్ వరం. పోయినసారి ఏ స్పెల్ ఎన్నిసార్లు ప్రాణం నిలబెట్టిందో వాళ్లకు గుర్తుంటుంది. రెండో స్థాయిలో మిర్రర్ ఇమేజ్, నాలుగులో స్టోన్‌స్కిన్, ఐదులో బ్రీచ్ తీసుకోవాలని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఐడెంటిఫై, నాక్ లాంటివి సోర్సరర్ జాగాలో పెట్టుకోవడం శుద్ధ దండగ, ఆ పనులకు నాలియానో ఏరీనో ఎడ్విన్నో ఉన్నారు, దొరికిన స్క్రోల్స్ కూడా వాళ్లకే ఇవ్వొచ్చు. మొత్తం క్లాసుల్లో మళ్లీ ఆడటం కోసమే పుట్టినట్టుండేది ఇది ఒక్కటే.

## స్ట్రాంగ్‌హోల్డ్: క్లాస్ మారితేనే కనబడే కథ

కథ మారదని పైన అన్నదానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. రెండో అధ్యాయంలో 20,000 గోల్డ్ కూడబెట్టమని ఆటగాణ్ని నగరంలోకి వదిలేసే చోట, ఒక్కో క్లాస్‌కు సొంతంగా ఒక స్థావరం దొరుకుతుంది. ట్రోల్‌లు ఆక్రమించిన డిఆర్నైస్ కోటను నాలియా కోసం విడిపించడం ఏ క్లాస్ అయినా చేస్తుంది. ఫైటర్ అయితే మాత్రం ఆ కోటను ఏలమని అడుగుతారు, ఆ తర్వాత జనం తగాదాలు, ఖజానా లెక్కలు తీసుకుని వస్తూనే ఉంటారు. మేజ్, సోర్సరర్‌లకు మురికివాడలో ఒక ఇంటికి అతుక్కుని ఉన్న ప్లేనార్ స్ఫియర్ దక్కుతుంది, ముగ్గురు శిష్యులకు పని చెప్పాలి, బరువైన పని చెబితే వాళ్ల ప్రాణాల మీదికి రావొచ్చు. దొంగకు రేవు దగ్గర మేవార్ గిల్డ్ వస్తుంది, కింది దొంగలను ఎంత రిస్క్ ఉన్న పనులకు పంపాలో చూసుకుంటూ పైవాళ్లకు వాటా కట్టాలి. బార్డ్‌కు ఫైవ్ ఫ్లాగన్స్ అనే సత్రం కింద ఉన్న నాటకశాల. నటులను సమాధానపరిచి, డబ్బు పెట్టి నాటకం ఆడించడం అనే పని ఇంకే క్లాస్‌తోనూ దొరకదు, దానికోసమే బార్డ్ తీసుకున్నా నష్టం లేదు. రేంజర్‌కు ఉమర్ కొండల్లో గుడిసె, డ్రూయిడ్‌కు ట్రేడ్‌మీట్ దగ్గరి తోపు, క్లెరిక్‌కు తన దేవుడి గుడి, పాలడిన్‌కు రేడియంట్ హార్ట్ సంఘం.

పోయినసారి ఏ స్థావరం చూశారో గుర్తు తెచ్చుకుంటే కొన్ని క్లాసులు దానంతటదే జాబితా నుంచి తగ్గిపోతాయి.

## ఫోన్‌లో ఆడేవాళ్ల లెక్క వేరు

చిత్తూరు నుంచి తిరుపతికి 70 కిలోమీటర్లు. రోజూ బస్సులో వచ్చిపోయే ఉద్యోగి ఆ టైమ్‌లో ఫోన్‌లో ఆడాలనుకుంటే పైన చెప్పిన బేరీజులు కొన్ని తలకిందులవుతాయి. ఈ గేమ్‌లో పోరాటం ఆగకుండా నడుస్తూ, కావాలన్నప్పుడు పాజ్ చేసేలా ఉంటుంది. ఫైటర్‌తో శత్రువు మీద ఒకసారి తాకితే చాలు. మేజ్‌తో మంత్రాల పట్టీ తెరవాలి, చిన్న చిన్న బొమ్మల్లో కావాల్సింది వెతకాలి, తర్వాత నేల మీద సరైన చోట తాకాలి. కుదుపుల్లో ఫైర్‌బాల్ రెండు మిల్లీమీటర్లు పక్కకు పడితే కాలిపోయేది సొంత పార్టీయే. పోరాటం మధ్యలో సేవ్ చేయడం కూడా కుదరదు, చంద్రగిరి దాటాక మొదలైన పోరాటం దిగే స్టాప్ వచ్చేసరికి పూర్తవ్వాలి.

అందుకని ఫోన్ మీద బార్బేరియన్, బెర్సర్కర్, ఆర్చర్ లాంటివి హాయి. మాంక్ కూడా, ఎందుకంటే కవచాలు ఆయుధాలు మార్చే పనే పెద్దగా ఉండదు. కెల్డార్న్ ఉన్నాడని పైన పక్కనపెట్టిన ఇంక్విజిటర్ కూడా ఇక్కడ మళ్లీ మంచి ఎంపిక అవుతాడు, మేజ్‌ల పొరలన్నీ ఊడదీసే పని ఒకటి రెండు బటన్లతో అయిపోతుంది. ఆటో పాజ్ సెట్టింగ్స్‌లో శత్రువు కనబడగానే ఆగేలా పెట్టుకోవడం ఏ క్లాస్‌కైనా తప్పనిసరి.

## పోయినసారి ఏది ఆడారు?

మొదటిసారి ఎక్కువమంది ఫైటర్ గానీ పాలడిన్ గానీ తీసుకుంటారు, అది సహజం. అలాంటివాళ్లకు రెండోసారి దొంగ గానీ, మేజ్ దొంగ కలిపిన మల్టీక్లాస్ గానీ అన్నిటికంటే ఎక్కువ తేడా చూపిస్తాయి. ముందు వరసలో కోర్గన్, మిన్స్క్, మజ్జీ లాంటి కత్తి పట్టే తోడుల్లో ఒకరిని నిలబెడితే కత్తి పని వాళ్లు చూసుకుంటారు. పోయినసారి మేజ్ ఆడినవాళ్లకు సోర్సరర్ దగ్గరి చుట్టం లాంటిది, తేలిగ్గా ఒదుగుతుంది, కానీ స్ట్రాంగ్‌హోల్డ్ మళ్లీ అదే స్ఫియర్. వాళ్లకు నిజంగా వేరే ఆట కావాలంటే బార్బేరియన్ మేలు, మంత్రాల పట్టీయే తెరవకుండా గేమ్ మొత్తం ఎలా నడుస్తుందో తెలుస్తుంది, మేజ్‌ల గొడవ ఎడ్విన్‌కు వదిలేయొచ్చు. క్లెరిక్ ఆడినవాళ్లు తక్కువ. అనోమెన్, వికోనియా, ఏరీ ముగ్గురూ ఆ పని చేస్తారు కాబట్టి తీసుకోవాల్సిన అవసరం కూడా అంతగా రాదు. తీసుకుంటే ఫైటర్‌తో కలిపి తీసుకోవడం మంచిది, వైద్యం చేస్తూ వెనక కూర్చోకుండా ముందు వరసలో నిలబడొచ్చు.

గేమ్ సగంలో ఆపేసినవాళ్లు మళ్లీ అదే క్లాస్‌తో మొదలుపెడితే పాత చోటికి రాగానే మళ్లీ ఆపేసే అవకాశం ఎక్కువ. అది ఎక్కడ ఆగిందో చూసుకోవాలి. మేజ్‌లను గెలవలేక ఆగి ఉంటే ఇంక్విజిటర్, వాంపైర్లు లెవెల్స్ లాగేసుకుంటుంటే విసుగొచ్చి ఆగి ఉంటే బెర్సర్కర్. ఆవేశంలో ఉన్నంతసేపు అతని లెవెల్‌ను ఏ వాంపైరూ తాకలేదు.